కెటిల్లో పొంగిన పాలు

హలో… ఆ, నేనే, అమరా, మీ అమ్మనే. ఏమప్పా, ఆఫీసు వేళప్పుడు ఫోను?

…ఆశ్రమం మేనేజరు నీకు ఫోను చేసినాడా! పొద్దున నాతో నవ్వుతానే మాట్లాడె గదా. చాడీల మనిషి.

…అయ్యో, ఏమీ కాలిపోలేదు. ఫ్యూజు పోయింది, అంతే. మా వరసలో ఆరు రూములకి… లిఫ్టా? ఆ, లిఫ్టు కూడా కొంచెం సేపు ఆగింది. లోపల నరసింహప్ప ఉండె. మిలిటరీలో చేసినాయన… పది నిమిషాల్లో దేవుళ్ళందరినీ పిలిచేసినాడు.

…కరెంటు కెటిల్లో నీళ్ళే కాచాల, తెలుసు. గోడకి అంటించినారు గదా, మూడు భాషల్లో. — పాలు పెట్టినా.

…కాఫీకి కాదు. కాఫీ కింద క్యాంటీన్లో అడిగినప్పుడంతా ఇస్తారు.

…ఊరికే పెట్టినా అంటే వినవే!

…సరే. పొంగించినా, చాలునా? కుంకుమ పెట్టి, మూతి తూర్పుకి తిప్పి, పొంగించినా. రూములో గ్యాసు పొయ్యి పెట్టుకోనీరు, ఇంక దేంట్లో పొంగించేది? పొంగింది పొంగినట్టు ప్లగ్గులోకి దిగింది…

—

…అవును, పాలు పొంగించేది కొత్తింట్లో దిగినప్పుడే.

…ఆ. నువ్వనుకున్నదే. నెల రోజులుండి పొయ్యేదానికి వచ్చిన చోట ఎవరూ పాలు పొంగించరు.

…తెలుసప్పా, మన కుందలహళ్ళి ఇంట్లో టైల్స్ పని అయిపోయింది, శనివారం కారు తెస్తావు. నేను రానని చెప్పాలని రోజూ ఫోను పట్టుకుంటాండా. నోరు రాలే.

…సుమ ఒక్క మాటా అనలే! కోడలంటే సుమే. దాన్ని ఏంటికి లాగుతావు మధ్యలో?

…తిండి బాగుంటాదని ఎవరు చెప్పినారు? సాంబారులో బెల్లమేస్తారు. మేము ఏడుమంది పోయి గలాటా చేస్తే, ఇప్పుడు మంగళవారం మంగళవారం సంగటి, ఊరుబిండి పచ్చడి. కొట్లాడేదానికి జతగా ఇంతమంది… అదేం తక్కువ సుఖమా?

…పొద్దున పక్క రూము పాపక్కతో వాకింగు. నడిచేది మూరెడు, మాట్లాడేది బారెడు. గురువారం డాక్టరమ్మ వస్తాది, బీపీ చూస్తాది. మీరు లీవు పెట్టి నన్ను తిప్పే పని లేదు.

…చుట్టాలు అననీ! తల్లిని ఆశ్రమంలో పడేసినాడు అంటే నా నంబరిచ్చెయ్. ఒక్కొక్కరికీ నేను చెప్తా.

…ఇంట్లో నాకేం తక్కువైందని అడుగుతావా?

—

ఇంక చెప్పక తప్పదు. ఉగాదికి ముందు నా మోకాలు వాచింది, గుర్తుండాదా? మంచం తగిలిందంటి. అది అబద్ధం. బాత్రూములో జారి పడితి. పొద్దున పదకొండుకి పడితే సాయంత్రం నాలుగింటికి గానీ లేవలేకపోతి.

…ఫోను హాల్లో ఉండె. మీరంతా ఆఫీసులో. అరిచినా, ఎదురింట్లో మిక్సీ ఆడతాండె.

…చెప్తే సుమ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాది. అందుకే చెప్పలే.

…ఈడ బాత్రూములో తాడు వేలాడతా ఉంటాది. లాగితే గంట. — వస్తారా అంటే? మొన్న తెలీక దాని మీద తువ్వాలు ఆరేసినా. ఇద్దరు నర్సులు, ఒక స్ట్రెచరు! మొహం యాడ పెట్టుకోవాలో తెలీలే.

…నవ్వితివి గదా. నవ్వు.

…అయ్యో, మళ్ళీ ఏడుపా? మీటింగు రూములో ఉండావా ఏమి? ఎవరన్నా చూస్తే మీ అమ్మ పోయిందనుకొని లీవిచ్చేస్తారు.

…నీ తప్పేం లేదు నాయనా. మీ మీద బేజారు కాదు. మీరు పోయి తలుపు మూసినప్పటి నుంచీ, సాయంత్రం వచ్చేదాకా, నాకు భయం. అడుగు తీసి అడుగు వేయాలంటే భయం. ఈడ అది లేదు. అంతే అమరా.

…శనివారం రావొద్దని ఎవరన్నారు? సుమని, నా మనవరాలిని తీసుకొని రా. నా ఇంటికి వచ్చినట్టు రా. కింద చెప్పి మూడు భోజనాలు ఎక్కువ పెట్టిస్తా.

…డిక్కీ ఖాళీగా తేవద్దు. నా మందపు రగ్గు, ఇత్తడి దీపం కుంది… ఇంకా…

—

హాల్లో మీ నాయన ఫోటో ఉండాది గదా. అది.

…డిక్కీలో వద్దు. నీ పక్క సీట్లో పెట్టుకొని రా.

…యాడ తగిలిస్తానా? మంచానికి ఎదురుగా. మేకు కొట్టించి వారమాయె.

…ఆ… సరే నాయనా. పెట్టేస్తాండా.