డ్వేన్ బిగించిన కమాన్ కట్టలు

"...చాలాసేపు తీసుకుంటున్నా, తెలుసు మిస్ వెల్డా, ఏమనుకోకండి, మీరు బయల్దేరాల్సినవాళ్ళు, మీ కాఫీ కూడా చల్లారిపోయింది. కానీ ఇది మొదట్నుంచీ వింటేగానీ నేనేం చేశానో మీకు అర్థం కాదు," అంటున్నాడు డ్వేన్ పికెట్.

బేకర్స్‌ఫీల్డ్‌లో సొథీ నడిపే డోనట్ల కొట్టు ముందు, శనివారం పొద్దున్న. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళందరూ వారం వారం చేరేది అక్కడే. వెల్డా తాళంచెవి చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఎదురుగా ఆమె తమ్ముడు లైల్ బండి, పందొమ్మిది వందల ముప్పై నాలుగు నాటి కారు, అందులో వాళ్ళమ్మ నోలా, ఒళ్ళో డోనట్ పెట్టుకుని కూర్చుంది. ఎనభై ఎనిమిదేళ్ళావిడ. లైల్ పోయి నాలుగు నెలలైంది. కొడుకు కార్ల పందేల్లో బండి తోలిన ఎండిన సరస్సు మైదానాన్ని కొడుకు బండిలోనే వెళ్ళి ఒక్కసారి చూడాలని ఆవిడ పట్టు. కొండెక్కి అవతలికి దిగాలి, దారంతా మలుపులే. వెనక కమాన్ కట్టలు, బండి బరువు మోసే ఉక్కు రేకుల స్ప్రింగులు, విరిగిపోయి ఉంటే, లైల్ స్నేహితుణ్ణి, నేను వేస్తానని డ్వేన్ ముందుకొచ్చాడు.

"పాతవి ఇరవై నిమిషాల్లో విప్పేశా," అన్నాడు డ్వేన్. "ఇరవై అని మర్యాదకి అంటున్నా, పన్నెండే. ఒక్క నట్టు మాత్రం తుప్పు పట్టి మొండికేసింది. పానా వేసి లాగా. నట్టు కదల్లా, బండి తిరిగింది. ఇంకాస్త లాగా, షెడ్డు తిరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఎండ ఇటు పడుతోందేంటి అనడిగింది. తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పకుండా ఉంటావా," అంది సొథీ, బల్ల తుడుస్తూ.

"నట్టు ఊడింది. ఊడ్డంతోనే కట్టలోంచి ఒక రేకు ఎగిరిపోయింది."

"క్లాంపు వేసి పట్టలేదా?" అన్నాడు ఆర్విల్. నలభై ఏళ్ళు వెల్డింగ్ చేసిన ముసలాయన, ఒక చెవి వినపడదు, రెండోది అన్నీ వింటుంది.

"క్లాంపు సంగతి తర్వాత, ముందు రేకు సంగతి వినండి. షెడ్డు కప్పు చీల్చుకుని, బాదం తోటల మీదుగా పోయింది. పోతూ పోతూ నాలుగు వరసల చెట్లు దులిపేసింది. తోటాయన ఫోన్ చేశాడు, తిట్టడానికేమో అనుకున్నా, ఇంకో రేకుంటే ఇటే వదలవయ్యా అన్నాడు. సరిగ్గా అప్పుడే కుడిపక్క జాకీ జారింది. నేను కింద ఉన్నా."

అక్కడ ఒక్క క్షణం ఆగాడు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. వెల్డా చూసింది గానీ, కథ కోసమే ఆగాడనుకుంది.

"భుజం అడ్డుపెట్టా," అన్నాడు డ్వేన్, గొంతు పెంచి. "ఇరుసు భుజం మీద, కొత్త కట్ట ఈ చేతిలో, పానా ఆ చేతిలో, కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు పళ్ళ మధ్య."

"మరి కాఫీ?" అంది సొథీ.

"మోకాళ్ళ మధ్య. చుక్క ఒలకలా. అలాగే బిగించేసి బండి వదిలా. ఆ కట్టల బలం ఎంతంటే, బండి పైకి లేచి, వెళ్తున్న గూడ్సు రైలు మీదుగా అవతలికి దూకింది. అక్కడ నేల తగిలి మళ్ళీ ఇవతలికి. రైలు డ్రైవరు టోపీ తీశాడు. మూడోసారి లేచింది చూడండి, ఎంతకీ దిగదే. నేను లోపలికెళ్ళి గుడ్లు వేయించుకుని తిని, గిన్నె కడిగి బోర్లించి వచ్చా. అప్పుడు దిగింది, పిల్లిలా."

తమ్ముడు పోయాక వెల్డా నవ్వడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుంటూ, "అయితే నువ్వూ రా డ్వేన్. వెనక డిక్కీ తీస్తే సీటుంది, సరిగ్గా నీ కట్టల మీదే. లైల్ ఉంటే నిన్నే కూర్చోబెట్టేవాడు," అంది.

డ్వేన్ నవ్వలేదు. "నాకా... నా నడుం బాగాలేదండి."

"ఇరుసు మోసిన నడుమేగా," అంది సొథీ.

ఆర్విల్ కప్పు బల్ల మీద పెట్టాడు. "కుడిపక్క యూ బోల్టులు ఎప్పుడు బిగించావు?"

"చెప్పాగా, భుజం మీద..."

"అది కథలో. నేనడిగేది మంగళవారం నీ షెడ్డులో."

డ్వేన్ తన కాఫీలోకి చూస్తున్నాడు. "జాకీ జారిందన్నాను కదా, అదొక్కటే నిజం. బండి కింద ఆపుడు స్టాండ్లు వేయలేదు. విప్పిన చక్రం బండి కిందే పడుంది కాబట్టి బండి దానిమీద ఆగింది. నా మొహానికి ఇంత దూరంలో." కాఫీ కప్పు ఎత్తు చూపించాడు. "మళ్ళీ కిందకి దూరడం నావల్ల కాలేదు. బయట్నుంచే చెయ్యి పెట్టి నట్లు వేళ్ళతో తిప్పి వదిలేశా. రేపు బిగిద్దాం, రేపు బిగిద్దాం అనుకుంటూనే ఉన్నా. గురువారం మీరొచ్చి బండి అడిగితే, నోటమాట రాలేదు మిస్ వెల్డా."

"నీకా, మాట రాకపోవడమా," అంది వెల్డా. ఇంటి దగ్గర్నుంచి వస్తుంటే వెనకాల టక్కుమన్న చప్పుడు, పాత బండి అలాగే అంటుందిలే అనుకుంది. ఆ బండితో, అమ్మని పక్కన పెట్టుకుని, కొండ దిగబోయింది. చేతిలో తాళంచెవి చల్లగా తగిలింది. వీడు కాఫీ కప్పంత ఎడంలో చావు తప్పించుకుని, నాలుగు రోజులుగా ఎవరికీ చెప్పకుండా, రైలు మీదుగా బండి దూకిస్తున్నాడు. ముందు ఏది అడగాలి వీణ్ణి?

ఆర్విల్ లేచి తన ట్రక్కులోంచి రెండు ఇనప స్టాండ్లు, జాకీ, పెద్ద పానా తెచ్చి డ్వేన్ కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఇవి వేశాకే దూరు. నేను పక్కనే ఉంటా."

డ్వేన్ వాటివైపు చూశాడు గానీ చెయ్యి వేయలేదు. "ఆర్విల్, నేను..."

బండి హారన్ గట్టిగా మోగింది. కిటికీలోంచి నోలా తల బయట పెట్టింది.

"డ్వేన్, కోతలు చాలుగానీ ఇలా రా. దారంతా వెనకాల టక్కు టక్కుమంది, మా వాడి బండి ఎప్పుడూ అలా అనలేదు. నువ్వు చూసి సరే అంటేనే నేను కదిలేది."