అడక్కుండా ముట్టని ఎవరిస్తో

అందరూ వంతులవారీగా తాగే మాతె ఆకు టీ బుర్ర, కబుర్లరాయుడు ఎవరిస్తో చేతికి వెళ్లిందంటే ఇక పక్కవాడికి అందదని జుల్మీరాకు తెలుసు. ఆకు దట్టించి, వేణ్ణీళ్లు పోసి, పీల్చే గొట్టం తనే అమర్చి ఇచ్చింది. అమర్చినవాళ్ల గొట్టాన్ని తాగేవాళ్లు కదపకూడదు. గ్వాయిబా సరస్సు ఒడ్డున పసిపిల్లలకైనా తెలిసిన మర్యాద అది.

అతనితో ఆమెకు పనుంది. ఊరి రేడియోను నడిపే ప్రోగ్రాము ఎవరిస్తో రాసిందే. దాని సెట్టింగుల ఫైల్లో ఆమె ఒక లైను రాసుకుంది, రోజూ ఐదింటికి జాలర్లకు గాలి కబురు వెళ్లేలా. పోయిన వారం కొత్త వెర్షన్ వచ్చి ఆ లైను తుడిచేసింది. ఐదింటికి పాట మోగింది. ఆమె మొగుడు పడవేసుకుని గాలికి ఎదురెళ్లి, మర్నాడు పడవ లేకుండా ఇల్లు చేరాడు. ఇవాళ సాయంత్రం ఇంకో వెర్షన్ వదులుతున్నాడు ఎవరిస్తో. ఈసారైనా ఫైలు మార్చే ముందు అది అడిగేలా రాయమంటే వినడే!

"నేనా అక్కా? ఒకరు మార్చుకున్న ఫైలును అడక్కుండా ముట్టడమా? ఒక దర్జీ నా ప్రోగ్రాములో ఒక్క అంకె మార్చుకుంటే బస్సెక్కి వెళ్లి మరీ అడిగొచ్చా, నీది ఉంచనా, నాది పెట్టనా అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దీపస్తంభం కాపరి ఒకాయన, దీపం కాస్త నెమ్మదిగా తిరిగేలా మార్చుకున్నాడు. నా కొత్త వెర్షన్ వెళ్లి తెర మీద ప్రశ్న వేసి నిలబడింది. ఆయన చూస్తే నిద్రలో ఉన్నాడు. లేపడం తప్పు కదూ? ఆగా. నేనాగితే దీపం ఆగింది, దీపం ఆగితే ఓడలాగాయి, సూర్యుడు నీళ్లకు బెత్తెడు పైన ఆగిపోయాడు. మూడ్రోజులు ఒకటే సంధ్య! కొంగలు గాల్లోనే రెక్కలు చాపుకుని కునికాయి."

"ఆ మూడ్రోజులూ మేమెక్కడున్నాం మరి?" అన్నాడు పక్కింటి దోర్వాల్, బుర్ర కోసం చెయ్యి చాపుతూ.

"నిద్రలో! ఊరంతా నిద్రే. ఏం చెయ్యను, చిన్న పడవ తీసుకుని ఆయన కలలోకి తెడ్డేసుకుంటూ వెళ్లా. లోపల నీళ్లకు చప్పుడే లేదు. ఆయన పసివాడై తల్లి ఒళ్లో ఉన్నాడు. చెవి దగ్గర మెల్లగా అడిగా, నీదా, నాదా? 'నాదే' అన్నాడు. అంతే, కొంగ రెక్క కొట్టింది, సూర్యుడు దిగాడు."

జుల్మీరాకు కోపం ఎటో పోయింది. ఎదురుగా గ్వాయిబా కూడా కదలనట్టే ఉంది, ఎండ దాని మీద మెత్తగా పరుచుకుంది. ఆ కలలో ఇంకాసేపు ఉండాలనిపించింది. అంతలో కళ్లు బుర్ర మీద పడ్డాయి. కథ పొడుగునా గొట్టంతో గిరగిరా కలుపుతూనే ఉన్నాడు. చక్కగా సర్దిన ఆకంతా కూలి నీళ్లలో తేలుతోంది.

"ఎవరిస్తో, గొట్టం నేను ఎటు పెట్టిచ్చాను?"

అతను చూసుకున్నాడు. "అయ్యో! చెయ్యి దానంతటదే తిప్పేసిందక్కా."

"దర్జీ కోసం బస్సెక్కావు, కాపరి కోసం కలలోకి దూరావు. ఎదురుగా మెలకువగా కూర్చున్నాను నాయనా, నన్నడిగావా?"

దోర్వాల్ పడీపడీ నవ్వాడు. ఎవరిస్తో నవ్వలేదు. బుర్రను మెల్లగా అరుగు మీద పెట్టి, కంప్యూటరు ఒళ్లోకి లాక్కుని, సాయంత్రం వదలాల్సిన వెర్షన్ తెరిచాడు.

"ఏమని అడగమంటావక్కా?" అన్నాడు.