నలభై ఏడో తూము

‘శ్రద్ధ లేకపోవడం వల్ల’ అని రాశారే అమ్మా ఈ నోటీసులో, ఆ మాట రాసినాయన మా చెల్లెల్ని ఒక్కసారైనా చూశాడా? చూసుంటే ఆ కలం అక్కడే ఆగిపోయేది. మూడు పంటకాలాలుగా నేల ఖాళీగా పడి ఉంది, కాబట్టి నలభై ఏడో చెక్క పొలం వెనక్కి తీసుకుని ఇంకో కుటుంబానికి ఇస్తాం. కింద సంతకం, పక్కన ముద్ర. అంతే, అయిపోయింది!

కూర్చోమంటారా? కూర్చుంటా. నా మోకాళ్ళు నాకంటే ముందే రిటైరయ్యాయి.

నేనెవరో మీకు తెలియదు కదూ, కొత్తగా వచ్చారు. ఈ కాలువ మీద లస్కర్ని. పదేళ్ళుగా గేట్లు ఎత్తేదీ దించేదీ నేనే. పిలిచింది నీ చెల్లెల్ని కదా, మధ్యలో నువ్వెందుకు అంటారా? అక్కడికే వస్తున్నా. ఒరేయ్, తలుపు దగ్గర నక్కినవాళ్ళంతా లోపలికి రండర్రా, అలా మెడలు సాచి వింటే పట్టేస్తాయి. ఉండనివ్వండమ్మా. నలుగురు వింటుంటేనే నాకు మాట నడుస్తుంది. ఇవాళ అసలే నడవనంటోంది.

మేం పుట్టిన చోట నీళ్ళు మూడు రోజులకోసారి బండి మీద వచ్చేవి. ముఖం కడిగిన నీళ్ళు పళ్ళెంలో పట్టి మేకకి పెట్టేవాళ్ళం. అది మిగిలిస్తే గుమ్మం ముందు మొక్కకి. మా అమ్మ దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు, ఒక్క నీళ్ళే అడిగింది. ఆయన విన్నాడు. కాకపోతే ఆవిడ పోయాక విన్నాడు.

ఇక్కడ కాలువ తవ్వారు, చీట్లు తీసి మావాళ్ళకి చెక్కలు పంచారు. ఇళ్ళన్నీ ఒకటే అచ్చు. మొదటి నెలంతా పక్కింట్లో దూరి ‘అన్నం పెట్టవే’ అన్న మొగుళ్ళున్నారు, నవ్వకండి! మొదటిసారి నీళ్ళు వదిలినరోజు మా మంగలి మూడుసార్లు స్నానం చేసి వారం రోజులు తుమ్మాడు. ముసలమ్మలైతే చెప్పులు విప్పి కాలువ గట్టు మీద దణ్ణాలు. నేనూ పెట్టాను. గేటు చక్రం తిప్పిన చేతులతోనే పెట్టాను.

ఏడాది తిరక్కుండా మా బావ జ్వరంతో పోయాడు. చెల్లెలికి ఇద్దరు ఆడపిల్లలు, అయిదెకరాల చెక్క. ‘ఇంకెవరికైనా ఇచ్చేయ్, మా ఇంటికొచ్చేయ్’ అంటే ఏమందో తెలుసా? ‘అన్నయ్యా, నేలని చూస్తుంటే ఆయన లేడనిపించట్లేదు’ అంది. పారతో గట్లు తనే వేసుకుంది. మడి అంతా సమానంగా ఉందో లేదో చూడ్డానికి పళ్ళెంలో నీళ్ళు పోసి నేలమీద పెట్టి, వంగి చూసేది. శ్రద్ధ లేదట! పోనీలెండి.

మీకు లెక్క తెలుసు. ఒక్కో చెక్కకి వారానికి ఒక వంతు, నాలుగు గంటలు. గడియారం చూసి తూము తెరవాలి, గడియారం చూసి మూయాలి. అన్నిటికీ అలాగే చేశాను. ప్రమాణం చేసి చెప్తా.

నలభై ఏడుకి తప్ప.

ఎవరి వంతూ కొట్టలేదమ్మా. అప్పట్లో సగం చెక్కలకి మనుషులే రాలేదు, నీళ్ళు ఊరికే వెళ్ళి వాగులో కలిసేవి. చూస్తుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. దేవుడిచ్చింది పారబోస్తున్నట్టు ఉండేది. అందుకని చెల్లెలి తూము ఎనిమిది గంటలు ఉంచేవాణ్ణి. ఒక్కోసారి పది. మొదటి రెండేళ్ళూ పంట చూడాలి, నడుమెత్తు! నా చెయ్యి మంచిదన్నారు. నేనూ నమ్మాను.

అలా ఆరేళ్ళు తెరిచి ఉంచాను.

తెలియదమ్మా. నిజంగా తెలియదు. మీరు చదువుకున్నవాళ్ళు. నేలకి నీళ్ళు ఎక్కువవుతాయన్న మాట మా వాళ్ళలో ఎవరి నోటా వినలేదు. తక్కువవడమే తెలుసు మాకు. కింద ఎక్కడో నిద్రపోతున్న ఉప్పుని నీళ్ళే లేపి పైకి తెస్తాయంటే ఎవరు నమ్ముతారు?

ముందు మడి మూలలు తెల్లబడ్డాయి. తరవాత మధ్యలో. నారు మొలిచినట్టే మొలిచి పసుపుపచ్చగా కూలిపోయేది. నడిస్తే కాలికింద పటపటమని పొర విరిగేది. చౌడు. చెల్లెలి పాదం మంచిది కాదన్నారు జనం. ఇదిగో, ఈ తలుపు దగ్గరున్న వాళ్ళలోనే ఇద్దరన్నారు. తల దించకండర్రా, మిమ్మల్ని అనే మొహం నాకు లేదు. వింటూ నోరు మూసుకున్నవాణ్ణి నేను.

కిందటేడు మట్టి పరీక్షాయన వచ్చాడు. సీసాల్లో మట్టి నింపుకున్నాడు. చెల్లెల్ని అడిగాడు, ‘ఎన్ని గంటలు పారిస్తావమ్మా?’ అని. నేను పక్కనే ఉన్నా. ఆమె నావైపు చూసింది. ఒక్క క్షణం. ‘నాలుగు’ అంది.

ఆయన అదే రాసుకెళ్ళాడు. నాలుగు గంటలకి నేల ఇలా కాదు, కాబట్టి సేద్యంలోనే లోపం ఉందన్నాడు. అక్కణ్ణుంచి వచ్చిందమ్మా మీ నోటీసులో ఆ మాట. నా ఉద్యోగం పోతుందని ఆమె అబద్ధమాడింది. ఇవాళ చెక్క పోతున్నా అదే అంటుంది, అడిగి చూడండి. గుమాస్తాగారూ, ఇది రాయండి. నాలుగు కాదు, ఎనిమిది. పది. తెరిచింది లస్కరు.

నా ఉద్యోగమా? తీసేయండి. పెన్షనా? మీ ఇష్టం. నేను మాత్రం అడగను.

ఇంకొకటుంది. ఇది కూడా రాయాలి.

తెలియదన్నాను చూశారూ, అది సగమే నిజం. మూడో ఏడు చెల్లెలు కాలువ గట్టుకొచ్చింది. కాళ్ళకి మోకాళ్ళదాకా బురద. ‘అన్నయ్యా, ఇక చాలు. నేల చెమ్మ ఆరట్లేదు. వేళ్ళు కుళ్ళిన వాసనొస్తోంది. మూసెయ్’ అంది. నేనేమన్నానో తెలుసా? కసిరాను. ‘నీళ్ళొద్దనకు, మహాపాపం! అమ్మ వింటే ఏమంటుంది?’ అన్నాను. చచ్చిన అమ్మని తెచ్చి అడ్డం పెట్టాను. పాపం, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి గట్లు సరిచేసుకుంది. నేను తూము ఇంకో అర చుట్టు తెరిచాను.

భక్తి అనుకున్నానమ్మా. పదేళ్ళుగా ఆ చక్రం ముట్టుకునే ముందు దణ్ణం పెట్టినవాణ్ణి. దేవుడు ఆమె నోటితో చెప్తే మాత్రం వినలేదు.

ఏమన్నారు? చెక్క బాగవుతుందా? అవుతుందట. నేనూ అడిగాను మట్టి పరీక్షాయన్ని. చుట్టూ లోతుగా మురుగుకాలువ తవ్వాలట. ఆ తరవాత ఉప్పంతా కొట్టుకుపోయేలా రెండేళ్ళు మడి నిండా నీళ్ళు పెట్టాలట. మళ్ళీ నీళ్ళే! వింటే మీకూ నవ్వొస్తుంది కదూ?

ఆ రెండేళ్ళూ చెల్లెలికి ఇప్పించండి. తూము తెరవడానికి మాత్రం ఇంకెవరినైనా పెట్టండమ్మా.

ఎక్కడ పెట్టాలి సంతకం?