రూప్లి పాయింట్

అయిదు స్టార్లా? ఎవరిచ్చిండ్రు బిడ్డా ఆ స్టార్లు? ఏసీ రూములో కూసోని ఇచ్చిండ్రా, అడివిల తిరిగి ఇచ్చిండ్రా?

జ్యోత్స్నా, ఫోను స్పీకర్‌ల పెట్టు. తమ్ముణ్ణి పిలువు. లాలూ, నవ్వకు! మీరిద్దరు కొండలెక్కబోతున్రని పుష్ప చిన్నమ్మ చెప్పినకాడ్నుంచి నాకు అన్నం సయిస్తలేదు. మిమ్మల్ని ఖమ్మంల ఆమె ఇంట్ల పెట్టి, నేనీ అడివిల బీట్ ఆఫీసర్ ఉద్యోగం చేసుకుంట, ఫోన్లనే పెంచిన. జ్వరమొస్తే ఫోన్లనే తడిగుడ్డ వేయించిన. ఇప్పుడు జీపీఎస్ మిషిను గూడ ఫోన్లనే ఏరాలె. సరే.

టచ్ స్క్రీనుది వద్దు. వానల తడి వేలు పెడితే దాని ఇష్టమొచ్చినకాడికి పోతది. బటన్లది కొనండి. సెల్లులు వేసేది. చార్జింగ్‌ది కొంటే కొండ మీద ఎవరింట్ల పెడ్తరు చార్జింగు, కోతుల ఇంట్లనా?

ఏంది? ఏది కరెక్టుగ చూపిస్తదంటవా?

ఆగు. అది చెప్పాల్నంటే రెడ్యా ముచ్చట చెప్పాలె. మీకెన్నడూ చెప్పలే. ఈ అడివంచు తండాల ఉంటడు ఆయన.

పట్టాలిచ్చెతందుకు పోడు చేన్లు కొలిచేటప్పుడు మా దగ్గర పాత మిషిను ఉండె. చెట్ల కింద నిలబడితే ఈ చేనును ఆ చేన్ల చూపిస్తుండె. ఎవరికీ దాని మీద నమ్మకం లేదు. అందుకే గీత గీసినంక రైతును నిలబెట్టి, నీ చెలక ఇట్లనే ఉందా అని అడిగి దిద్దేటోళ్లం. నాకేమో భయం. ఆ దిద్దుట్ల ఒక్కనిది పోయినా ఉసురు తగుల్తదని. మా సారును బతిమాలి కొత్త మిషిను తెప్పించిన. ఏరింది నేనే. నీ లెక్కనే, ఏది కరెక్టో చూసి ఏరిన.

రైతు మిషిను చేత పట్టుకొని తన చెలక చుట్టు నడవాలె. చుట్టు తిరిగినంత ఆయనది, మిగిలింది అడివి. గంతే.

రెడ్యా ఉతికిన అంగీ వేసుకొని వచ్చిండు, పెండ్లికి పోయినట్టు. మంచిగ నడిచినోడు వాగు మూలకాడికి పోంగనే చేన్లోపలికి మళ్లిండు. ఇంత పెద్ద మలుపు కొట్టి అవతల తేలిండు. "ఏందయ్యా, పొద్దుగాలనే వేసినవా?" అని సారు కసిరిండు. "అటు తొక్కొద్దు సారూ" అని తల వంచుకున్నడు రెడ్యా. అందరం నవ్వినం. అవ్, నేను గూడ.

మిషిను ఆ మలుపు ఎట్లుందో అట్లనే గీసింది. పాతదైతే అడిగేటోళ్లం. మంచి మిషిను గీసినంక ఎవరడుగుతరు?

ఆ మూల అడివి లెక్కల పోయింది. వానలు పడంగనే తాడు పట్టి, వరసగ టేకు గుంతలు తవ్వించిండ్రు. ఒక గుంతకాడ రెడ్యా వచ్చి నిలబడ్డడు. "ఇంక లోతు వద్దయ్యా" అన్నడు. "ఏం, బంగారం పెట్టినవా?" అన్నరు కూలోళ్లు.

బంగారమే. ఆయన పెండ్లాం మంగ్లి చెప్పింది నాకు, తాగ నీళ్లిచ్చి, ఒక్క మాట తిట్టకుండ. రూప్లి అని వాళ్ల బిడ్డ. బతికుంటే నీ ఈడుదే జ్యోత్స్నా. చిన్నప్పుడు జ్వరమొస్తే వాగు పొంగి దవాఖానాకు తీస్కపోలేకపోయిన్రు. వాళ్లింట్ల చిన్నపిల్లల్ని కాల్చరు, పూడుస్తరు. ఆ జాగ తొక్కరు. అవతల వాగాయె, ఇవతల్నుంచి చుట్టు తిరిగిండు. అంతే ఆయన చేసింది.

సారుకాడికి ఉరికిన. మళ్ల నడిపిద్దాం సార్ అన్న. "మీరేరిన మిషినే గదా మేడం, తప్పు చూపిస్తదా?" అని నవ్విండు.

ఎండాకాలం మొక్కలన్నీ మాడినయ్. ఆ గుంతల మొక్క ఒక్కటి బతికింది. ఎందుకు బతకదు? రెడ్యా రోజూ వాగు నుంచి బిందె మోసి పోస్తడు. సారు జీపుల పోతూ చూసిండు. జెండా పండుగనాడు స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పిండు! అడివి మీద ప్రేమంటే ఇదీ అని మైకుల చెప్పిండు. నేను చప్పట్లు కొట్టిన. రెడ్యా ఇంటికి గూడ పోలే. మేకలు కొరుకుతయని ఆ శాలువా తీస్కపోయి మొక్కకు చుట్టిండు.

ఊకో. ఏడ్వకు. రెడ్యానే ఏడ్వలే, నువ్వేంది?

ఇగ వినండి. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. రేపు మిషిను అప్పజెప్పాలె. అందుట్లయి తుడిచి ఇంకొకరికిస్తరు. ఆ మొక్కకాడ నేను మిషిన్ల ఒక పాయింటు పెట్టుకున్న, జాగ గుర్తుకు, రూప్లి అని. ఆ ఆలుమగలకు వేరే పిల్లలు లేరు. టేకు పెద్దయితది, ఒకనాడు కొడతరు. ఆ మోడు ఎవరిదో చెప్పేటోళ్లు ఉండరు.

ఏ కంపెనీదన్న కొనండి, ఎన్ని స్టార్లదన్న కొనండి. పాయింటుకు పేరు పెట్టనిస్తదా అని మాత్రం అడుగుండ్రి. తెలుగు రాకపోతే ఇంగ్లీషుల కొట్టుండ్రి. ఆ జాగ అంకెలు వాట్సాప్‌ల పంపిస్త. మీ కొండ కన్న ముందు అది ఎక్కించాలె. పాతదైతే కొత్తదాంట్లకు ఎక్కించాలె. రేపు మీ పిల్లలకు మిషిను కొనిచ్చేనాడు వాళ్లతోని గూడ ఎక్కించుండ్రి, ఎందుకో చెప్పుండ్రి.

శాలువా సంగతి గూడ చెప్పుండ్రి. నవ్వుతే నవ్వనీ. మేం నవ్వలేదా?