గెడ్డ దాటిన సుక్రు

అరకు సంత రోజున మగ్దలేనమ్మ టీ కొట్టు బల్ల మీద సుక్రు కూర్చున్నాడంటే కొట్టు ముందు జనం పోగవాల్సిందే. వైజాగ్ నుంచి వచ్చే ట్రెక్కింగ్ వాళ్ళకి కొండదారి చూపించడం అతని పని. ఆ దారిని వెయ్యింతలు చేసి చెప్పడం అతని జబ్బు. కోతలు కోయడంలో అతనికి సాటి వచ్చేవాడు అటు రంపచోడవరం దాకా వెతికినా దొరకడు.

ఈ శుక్రవారం మాత్రం అతని చూపు జనం మీద లేదు. బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటున్న భాను మీదుంది. పసుపు అమ్ముకోవడానికి సంతకొచ్చిన భాను అతని బామ్మర్ది. భాను అక్క కనక, అంటే సుక్రు పెళ్ళాం, అలిగి కొండవతల పుట్టింటికి పోయింది. పోదా మరి! కొత్తమామిడి పండగ కాకుండానే, పెద్దలకి పెట్టకుండానే, ఇంటి చెట్టు కాయలు కోసి ట్రెక్కింగ్ వాళ్ళకి గొప్ప కోసం పంచిపెట్టాడీ మహానుభావుడు. పండగ ఎల్లుండే. అది కూడా పుట్టింట్లోనే చేసుకుందంటే కనక ఇక తిరిగి రాదని అతని భయం. అతను ఏం చెప్పినా పొయ్యి దగ్గర నుంచి "ఊఁ" అనేది ఆవిడే. ఊకొట్టే మనిషి లేక సుక్రుకి ఇంటికి పోబుద్ధి కావడం లేదు. తన మాటలు భాను చెవిన పడితే, కొండ దాటి కనక చెవిన కూడా పడతాయని ఆశ.

"మొన్న ఆదివారం సంగతి ఇనండి," అని మొదలెట్టాడు. "పది మందిని ఎంటబెట్టుకుని సీకటితోనే బయల్దేరినాను. ఒకాయన బేగు బరువన్నాడు, ఇటిచ్చీమన్నాను. అంతే, ఇంక అందరూ ఇచ్చీసినారు. పది బేగులూ నా ఈపు మీదే."

"మొయ్యొచ్చులే," అన్నాడు కొండచీపుర్లు అమ్మే యర్రయ్య.

"అక్కడితో అయిందా? అందులో లావుపాటి బాబొకడికి కాలు మడతపడింది. ఆ బాబునీ బేగుల మీద కూకోబెట్టినాను. గురకెట్టి నిద్దరోనాడు. ఆ తర్వాత ఏటైందో తెల్సా? బొర్రా కాడ సొరంగంలోకి కిరండోల్ రైలు దూరింది. నాను కొండ మీంచి ఎల్లినాను. రైలు అవతల బయటికొచ్చీసరికి నాను రాయి మీద కూకుని బీడీ కాల్సుకుంటన్నాను. డ్రైవరు తల బయటెట్టి 'సుక్రూ, ఎక్కీ' అన్నాడు. 'వద్దు బాబూ, నాను బేగి ఎల్లాల' అన్నాను."

జనం ఘొల్లున నవ్వారు. భాను నవ్వలేదు. సుక్రు గొంతు ఇంకాస్త పెంచాడు.

"పైన మంచు సూడండీ, నా సెయ్యి నాకే ఆనలేదు. కత్తి తీసి ఆ మంచుని గుమ్మమంత కోసీసి, ఒక్కొక్కర్నీ అందులోంచి దాటించినాను. కోసిన ముక్క కిందికి ఇసిరేత్తే ఏదో ఊర్లో వాన కురిసిందట. గుమ్మం అవతల ఎలుగుబంటి! రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. 'ఏటి, కాలీగా ఉన్నావా? ఈ బేగట్టుకో' అన్నాను. గుడారాల దాకా మోసింది. ఎల్తా ఎల్తా లావు బాబుతో సెల్ఫీ కూడా దిగింది."

"ఫోటో ఏదీ?"

"బాబు ఫోన్లో ఉంది. బాబు వైజాగ్‌లో ఉన్నాడు. మజ్జలో అడ్డురాకు యర్రయ్యా! ఆల్లని గుడారాల కాడ దింపీసినాను. పొద్దింకా ఉంది. నా కాళ్ళు ఊరుకుంటాయా? అత్తోరి ఊరేపు లాగీసినాయి."

భాను టీ ఊదడం ఆపాడు. సుక్రు బల్ల మీద అతని వైపు జరిగాడు.

"గెడ్డ కాడికొచ్చినాను. గెడ్డా అది? సముద్రం! ఈ గట్టు మీంచి ఆ గట్టు ఆనడం లేదు. ఏనుగులంతేసి బండలు కొట్టుకొచ్చీత్తన్నాయి."

"మండుటెండల్లో వరదేటి నాయనా?" అంది మగ్దలేనమ్మ.

"మీద కొండల్లో ఎక్కడో వాన పడుంటాదమ్మా! తువ్వాలు తలకి సుట్టీసి, కొట్టుకొచ్చే బండ మీంచి బండ మీదికి దూకీసి అవతల గట్టెక్కినాను. ఊరు ఊరంతా ధింసా ఆడతా ఎదురొచ్చీసింది. ఆల్ల మజ్జలోంచి కనక..."

అక్కడ అతని గొంతు అతని మాట వినలేదు. నెమ్మదించింది.

"కనక సెంబుతో నీల్లిచ్చింది. కాళ్ళు కడుక్కున్నాను. సోడంబలి పోసింది. తాగతన్నంతసేపూ పక్కనే కూకుంది. నాను సెప్తన్నాను, అది ఊఁ కొడతంది. అంతే."

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. భాను గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రైలు సంగతి నాకు తెల్దు బావా. ఎలుగు సంగతీ తెల్దు. గెడ్డ సంగతి తెల్సు. ఇప్పుడందులో దిగితే సీలమండ కూడా తడవదు. ఆదివారం పొద్దుగూకే యేల నువ్వు గెడ్డకి ఇవతల కూకున్నావు. సెప్పులు ఇప్పినావు. మల్లీ తొడుక్కున్నావు. మల్లీ ఇప్పినావు. ఆకరికి ఎనక్కి ఎల్లిపోనావు."

"ఎవులు సెప్పినారు?"

"అక్కే. నీల్లకొచ్చింది. పొదల సాటునుండి నువ్వు కనపడినంత సేపూ సూసింది."

"సూసి... పిలవలేదా?"

"నోటి దాకా వచ్చిందట. 'నాను పిలిత్తే, కాళ్ళా యేళ్ళా పడి బతిమాలిందని సంతలో సెప్పుకుంటాడు. పిలవను. ఆయన కాళ్ళతో ఆయనే దాటాల' అన్నాది. అనీసి ఏడిసింది."

యర్రయ్య నవ్వబోయి మగ్దలేనమ్మ చూపుకి నోరు మూసుకున్నాడు. మామూలుగా అయితే సుక్రు దీనికీ ఒక జవాబు అల్లేవాడు. ఇప్పుడు తన కోసం కనక ఏడ్చిందని వినగానే, ఉన్నపళంగా ఆవిడ్ని చూడాలనిపించింది.

భాను ఖాళీ సంచి భుజాన వేసుకుని లేచాడు. సుక్రు కూడా లేచాడు.

"పొద్దుగూకేలోగా గెడ్డ దాటగలవా సుక్రూ?" అని అడిగింది మగ్దలేనమ్మ.

ఏం కోస్తాడోనని జనమంతా చెవులు రిక్కించారు.

"ఏమోనమ్మా," అన్నాడు సుక్రు. "బయ్యంగా ఉంది."