ఆయాసానికి వేరే చార్జీ

సాయంత్రం ఆరూ పదికి టీకొట్టులో దర్జీ తన గ్లాసు బల్ల మీద పెట్టి, ఫ్రిజ్ కొనాలని చెప్పాడు. ఆదివారం వియ్యపురాలు వస్తోంది. ఆవిడ ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఉంది. దర్జీ ఇంట్లో ఉన్నది మోకాలెత్తుది. ఆవిడ ముందు తన పరువు నిలబెట్టాల్సిందేనని భార్య పట్టు పట్టింది. పెద్దది కొంటే వంటింట్లో పట్టదు, ముందుగదిలోని కుట్టుమిషన్ వరండాలోకి పోవాలి. అక్కడ వానొస్తే పని సాగదు.

అడగాల్సిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఫ్రిజ్‌ల దుకాణంలో సేల్స్‌మన్. టీకి వచ్చినా మెడలో టై విప్పడు కాబట్టి అందరూ అతన్ని షోరూం అంటారు.

"చిన్నదైతే చాలదంటావా?" అన్నాడు దర్జీ.

"మాస్టారూ, ఫ్రిజ్‌ని ఎవరు చూస్తారండీ? అది వంటింట్లో ఉంటుంది. జనం చూసేది డబ్బాని. ఊరికే అనట్లేదు. పోయినేడు ఒక గుమాస్తా వచ్చి చిన్న ఫ్రిజ్ కొన్నాడు. కొన్నాక నా చెవి దగ్గరికొచ్చి, దీన్ని పెద్దదాని డబ్బాలో పెట్టి పంపుతావా బాబూ అన్నాడు. పంపాను. వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. మర్నాడు నేను షట్టర్ ఎత్తేసరికి ఆ వీధివాళ్లే క్యూ. ఫ్రిజ్ వద్దట, డబ్బా చాలట."

"ఉత్త డబ్బానా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న ఆటో డ్రైవర్.

"ఉత్తదే అన్నా. అక్కడే వచ్చింది చిక్కు. మావాడొకడు డబ్బాని చంకలో పెట్టుకుని మెట్లెక్కేశాడు. పక్కింటావిడ చూసేసింది. కొన్నాయన వచ్చి నా మీద ఇంతెత్తున లేచాడు. అప్పుడు నేనేం చేశానో చెప్పండి చూద్దాం. ఆరుగురు మోతగాళ్లని పెట్టాను. మలుపు మలుపుకీ డబ్బా దించాలి, నడుం పట్టుకోవాలి, పక్కింటి తలుపు కొట్టి మంచినీళ్లడగాలి. ఆయాసానికి వేరే చార్జీ. మూలుగు కావాలంటే ముందురోజే చెప్పాలి."

టీకొట్టు అక్క పాలు వడగడుతూ, "మూలగడం నువ్వే నేర్పావా తమ్ముడూ?" అంది.

"నేనే అక్కా. గొంతు పోయింది నాకు. సరే, ఆ తర్వాత మెట్లెక్కే డబ్బా అంటేనే జనానికి చులకనైపోయింది. క్రేన్ కావాలన్నారు. తెప్పించాను. ఐదో అంతస్తు దగ్గర గాలికి డబ్బా తాడు తెంచుకుని, మబ్బుల్లోకి లేచి, ఎక్కడో ఒక లాయరు గారి మేడ మీద దిగింది. అందరూ ఏమనుకున్నారో తెలుసా? లాయరు గారికి ఫ్రిజ్ విమానంలో వచ్చిందని. ఆ మర్నాటి నుంచీ ఒక్కడు క్రేన్ మాటెత్తితే ఒట్టు. అందరికీ ఆకాశం నుంచే దిగాలి."

"విమానం కూడా నువ్వే నడిపావా?" అన్నాడు డ్రైవర్.

"పక్కన కూర్చున్నాను. విను. డబ్బా మాసిపోకుండా దానికో డబ్బా, దానికి ఇంకో డబ్బా. కంపెనీవాళ్లు ఫ్రిజ్‌లు చేయడం మానేసి పగలూ రాత్రీ అట్టపెట్టెలే చేశారు. ఆఖరి డబ్బా బిల్డింగ్‌లో పట్టక, బిల్డింగ్‌నే దాంట్లో పెట్టాం. ఇప్పటికీ దాంట్లోనే ఉంది. లోపలివాళ్లు కులాసాగానే ఉన్నారు. పేపరు మాత్రం చెయ్యి పెట్టి ఎత్తే కన్నంలోంచి పడేస్తారు. కంపెనీ యజమాని నన్ను తన కుర్చీలో కూర్చోమని బతిమాలాడు. ఆ కుర్చీకి డబ్బా లేదని లేచి వచ్చేశాను."

దర్జీ నవ్వలేదు. "అయితే రేపొచ్చి పెద్దదే తీసుకోనా?"

"తీసుకోండి మాస్టారూ. పరువు సంగతి."

"ఆగండి మాస్టారూ," అంది అక్క. "తమ్ముడూ, నేను మీ కింది వాటాలోనే ఉంటాను. మీ గుమ్మం పక్కన రెండు తలుపుల ఫ్రిజ్ డబ్బా నిలబడి ఏడాదైంది. దాంతో ఎవరూ ఆయాసపడుతూ మెట్లెక్కగా నేను చూడలేదు. డబ్బా కొట్టింది చాలు. మీ ఆవిడ రోజూలాగే పొద్దున నా కొట్టు ఫ్రిజ్‌లో పెట్టిన పాల ప్యాకెట్ ఇదిగో, వెళ్తూ తీసుకెళ్లు."

షోరూం టై సర్దుకుని ప్యాకెట్ అందుకున్నాడు. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, "ఆదివారానికి ఆ డబ్బా కావాలా మాస్టారూ?" అని మెల్లగా అడిగాడు.

ఆదివారం ఆ డబ్బా దర్జీ గుమ్మం పక్కన నిలబడింది. కుట్టుమిషన్ ఉన్నచోటే ఉంది. వియ్యపురాలు చెప్పులు విప్పుతూ డబ్బాని కిందనుంచి పైదాకా చూసింది. దర్జీ భార్య ఆవిణ్ని ముందుగదిలోనే కూర్చోబెట్టి, వంటింటి వైపు వెళ్లనివ్వలేదు.

గురువారం దర్జీ టీ తాగుతూ తెలిసిన సంగతి చెప్పాడు. వియ్యపురాలు ఇంటికెళ్లి మొగుడి చేత మూడు తలుపుల ఫ్రిజ్ కొనిపించింది. అమ్మింది షోరూమే. మోతగాళ్లు మలుపులో దించి, పక్కింటి తలుపు కొట్టి మంచినీళ్లడగాలని ఆవిడే పురమాయించిందట.