బలం తీసిన చేతులు

1988 మార్చి రెండవ తేదీన శ్రీమతి బాన్ ఇన్సుక్ గారు తోంగ్యంగ్‌లోని మన ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరారు. ఆనాడు ఆ విభాగం నేలమాళిగలో, బట్టలుతికే గది పక్కన ఉండేది. రెండు మంచాలు, ఒక వేడినీళ్ల తొట్టి, తలుపు పడని ఒక బీరువా ఆమెకు అప్పగించిన సామగ్రి. వచ్చేవారిలో ఎక్కువమంది రేవు షెడ్లలో ఆల్చిప్పలు విప్పి మాంసం తీసే స్త్రీలు. చలికాలమంతా నిలబడి పనిచేసి నడుములు పట్టేసి వచ్చేవారు. కొండప్రాంతం నుంచి వచ్చిన ఈ పిల్ల చేపల వాసనకు ముక్కు మూసుకుంటుందని వారు పందేలు వేసుకున్నారట. ఆమె నడుములకు కాపడం పెట్టారు, మణికట్లకు కట్లు కట్టారు, మధ్యాహ్నం వారు తెచ్చిన పచ్చి ఆల్చిప్పలు వారితో కూర్చుని తిన్నారు. ఏడాది తిరిగేసరికి వారందరూ ఆమెను గౌరవంగా టీచరమ్మ అనసాగారు. నేటికీ రోగులు ఆమెను అలాగే పిలుస్తారు.

తొంభయ్యో దశకం చివర మన శస్త్రచికిత్స విభాగం నుంచి చేయి ఉబ్బిన స్త్రీలు ఆమె వద్దకు రావడం మొదలైంది. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసినప్పుడు చంకలోని గ్రంథులను కూడా తీసేవారు. ఒంట్లో ఊరే శోషరసం ఆ గ్రంథుల గుండానే తిరిగి రక్తంలో కలుస్తుంది. దారి తెగినచోట అది నిలిచిపోతుంది, చేయి ఉబ్బుతుంది. దీనికి మన దగ్గర చేయగలిగిందేమీ లేదని చెప్పి అంతవరకు వారిని ఇళ్లకు పంపేవాళ్లం. ఇన్సుక్ గారు తన సెలవులు వాడుకుని, తన ఖర్చుతో సియోల్ వెళ్లి, నిలిచిన రసాన్ని దారి మళ్లించే మర్దన నేర్చుకుని వచ్చారు.

ఆ మర్దనలో బలం ఉండదు. చర్మం కిందనే ఉన్న నాళాలు నొక్కితే మూసుకుపోతాయి కనుక, చర్మాన్ని కొద్దిగా పక్కకు జరిపి వదలడమే పని. మెడ దగ్గర మొదలుపెట్టి, శస్త్రచికిత్స జరగని వైపు చంకకు దారి తెరిచి, ఆ తర్వాతే ఉబ్బిన చేతికి వస్తారు. మన ఊరికి ఇది నచ్చలేదు. స్నానశాలలో వీపు ఎర్రబడేదాకా రుద్దితే తప్ప ఒళ్లు తేలికపడిందని ఒప్పుకోని ఊరు మనది. పరిపాలన విభాగానికి ఫిర్యాదులు వెళ్లాయి. తమ ఇంటి పిల్లి ఇంతకంటే గట్టిగా నాకుతుందని ఒక పెద్దావిడ మంచం దిగి వెళ్లిపోయారు. కొత్తగా చేరిన థెరపిస్టులకు ఇన్సుక్ గారు చెప్పే మొదటి పాఠం నేటికీ ఆ పిల్లి మాటే.

2004 శరత్కాలంలో జరిగిన ఒక సంగతిని ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో నేను శస్త్రచికిత్స వార్డులో నర్సుగా ఉన్నాను. గుక్ దుర్యే గారికి కుడి రొమ్ముకు శస్త్రచికిత్స జరిగింది. ఆమె ఆల్చిప్పల షెడ్డులో పనిచేసేవారు. కత్తి పట్టే చేయి కుడిచేయే. భర్త దూర సముద్రాల్లో తిరిగే చేపల ఓడ మీద ఉండేవారు, ఇంట్లో అత్తగారు, బడికి వెళ్లే కూతురు. గాయం మానాక ఇన్సుక్ గారి మర్దనతో, పొరలుగా చుట్టే కట్లతో దుర్యే గారి చేయి అదుపులోకి వచ్చింది. చలికాలం ముగిసేలోగా షెడ్డుకు వెళ్లవచ్చునని డాక్టర్లు అన్నారు. అంతలో ఇంటింటా చలికాలానికి సరిపడా క్యాబేజీ ఊరగాయ, కిమ్చి, పెట్టే రోజులు వచ్చాయి.

ఉప్పునీళ్లలో నానిన క్యాబేజీ బరువు ఎంతో ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. మొయ్యవద్దన్నారని కోడలు ఇంట్లో చెప్పలేదు, అత్తగారు అడగలేదు. దుర్యే గారు రోజంతా మోశారు, సాయంత్రానికి చేయి ఉబ్బింది. మర్నాడు అత్తగారు ఆమెను స్నానశాలకు తీసుకువెళ్లి, వేడినీళ్లలో కూర్చోబెట్టి, రుద్దుడు గుడ్డ తన చేతికి తొడుక్కుని, చెడురక్తం కదలాలని తన బలమంతా పెట్టి ఆ చేతిని రుద్దారు. ఆ మరుసటి ఉదయం జ్వరంతో, ఎర్రబడిన చేతితో దుర్యే గారు మళ్లీ మా వార్డుకు వచ్చారు. చేతికి చీము పట్టకుండా చూస్తామని, షెడ్డు పని సంగతి మాత్రం ఇప్పుడు చెప్పలేమని డాక్టరు అన్నారు.

అత్తగారి పుట్టినూరు గోసంగ్ కాబట్టి అందరూ ఆమెను గోసంగ్ మామ్మ అనేవారు. ఆమె గంజి గిన్నె ఒళ్లో పెట్టుకుని వరండాలోనే కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. కోడలి చేయి తానే పాడుచేశానని, ఇక ముట్టుకోనని నాతో అన్నారు. జ్వరం ఉన్నన్నాళ్లూ ఇన్సుక్ గారు కూడా ఆ చేతిని ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు. జ్వరం తగ్గాక, డాక్టరు సరేనన్నాక, ఆమె వరండాలోకి వెళ్లారు.

"మామ్మగారూ, చేతులు కడుక్కుని లోపలికి రండి."

"నేనా? వద్దు టీచరమ్మా. నేను చేసిన నిర్వాకం చాలు."

"ఇంటికెళ్లాక రోజూ ఎవరు చేస్తారు మరి? మీ ఇంటికొచ్చి నేను కాపురముండాలా?"

మామ్మ వచ్చారు. ఇన్సుక్ గారు ఆమె చేతిని దుర్యే గారి మెడ కింద, ఎముక పైన గుంటలో పెట్టించి, దాని మీద తన చేయి వేశారు.

"బలం తియ్యండి."

"తీశాను."

"ఇంకా తియ్యండి."

"ఇంకా తీస్తే చెయ్యి పెట్టినట్టే ఉండదు కదమ్మా."

"అదే కావాలి. నిద్రపోతున్న పసిపిల్ల బుగ్గ మీద ఈగ వాలితే ఎలా తోలతారు?"

 అలా తననెవరూ ముట్టుకోలేదని, తనకూ చేతకాదని మామ్మ అన్నారు. దుర్యే గారు కళ్లు మూసుకునే ఉన్నారు.

"అత్తయ్యా, చెయ్యి చల్లగా ఉంది."

"తీసెయ్యనా?"

"ఉంచండి."

ఇంటికి పంపేముందు, ఇకపై ఆ చేత్తో బరువులు ఎత్తకూడదని ఇన్సుక్ గారు ఇద్దరికీ కలిపి చెప్పారు. మామ్మకు కొత్త చిక్కు వచ్చింది. ఊరంతా వంగి పనిచేసే కిమ్చి రోజున కోడలు చేతులు ముడుచుకుని కూర్చుంటే ఇరుగుపొరుగు ఏమంటారు? మీ ఇంట్లో ఉప్పు చూసేది ఎవరని ఇన్సుక్ గారు అడిగారు. తానేనని, తన అత్తగారు పోయినప్పటి నుంచి తానేనని మామ్మ చెప్పారు.

"దానికి బరువు ఎత్తక్కర్లేదు కదా," అన్నారు ఇన్సుక్ గారు.

 కూర్చుని ఉప్పు సరిచూసే పీట ఇంటి పెద్ద ఆడమనిషిది. అడిగి ఇప్పించుకునేది కాదు.

మరుసటి ఏడు కిమ్చి పెట్టినప్పుడు గోసంగ్ మామ్మ కోడలిని ఆ పీట మీద కూర్చోబెట్టి, తాను క్యాబేజీ నానే తొట్టి దగ్గరకు వెళ్లారు. పెత్తనం అప్పుడే అప్పగించేశావా అని ఇరుగుపొరుగు ఎకసెక్కాలాడితే, తన నాలుకకు ఉప్పు తెలియడం లేదని చెప్పారట. ఆ తర్వాత ఎప్పుడో మోకాలి నొప్పికి మా వార్డులో చేరినప్పుడు, మేమిచ్చిన గంజిలో ఉప్పు తక్కువని పూటపూటకూ గిన్నె వెనక్కి పంపింది ఈ మామ్మే.

దుర్యే గారు చేతికి బిగుతు తొడుగు వేసుకుని షెడ్డుకు తిరిగి వెళ్లారు. పూర్తి పని కాదు, పూట పని. మామ్మ బతికి ఉన్నన్నాళ్లూ సాయంత్రం పని నుంచి వచ్చిన కోడలి మెడ దగ్గర ఆ చేయి వేస్తూనే ఉన్నారు.

ఆ ఏడాది నుంచి నవంబరు రాగానే ఇన్సుక్ గారు శస్త్రచికిత్స జరిగినవారిని, వారి అత్తలను, అమ్మలను ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పడం ఆనవాయితీ అయింది: ఈ ఏడు ఉప్పు చూడటం మాత్రమే. విభాగం నేలమాళిగ నుంచి మూడవ అంతస్తుకు మారింది. ఆమె వద్ద పని నేర్చినవారు జిల్లాలోని మరికొన్ని ఆసుపత్రులలో ఉన్నారు. విభాగాధిపతిగా బాధ్యతలు స్వీకరించాక కూడా ఆమె ఉదయం మొదటి రోగిని తానే చూశారు.

తాను చెప్పిన మాట తాను పాటించని సందర్భం ఒకటుంది. మన క్యాంటీన్ పెరట్లో సిబ్బంది అంతా కలిసి కిమ్చి పెట్టే రోజున ఆమె ఏనాడూ కూర్చోలేదు. తొట్టి దగ్గర నిలబడి మాకంటే ఎక్కువ మోశారు. కొన్నేళ్లుగా ఆమె బొటనవేళ్ల కీళ్లు నొప్పి పెడుతున్నాయని మాకు తెలుసు. మాకు తెలుసునని ఆమెకు తెలియదనుకుంటాను.

ఇన్సుక్ గారూ, ఈ జూన్ నెలాఖరున మీరు పదవీ విరమణ చేస్తున్నారు. నవంబరులో మీ భర్తతో, అమ్మాయితో క్యాంటీన్ పెరటికి రండి. ఆల్చిప్పలు తాను తెస్తానని దుర్యే గారు ఇప్పటికే కబురు చేశారు. తొట్టి దగ్గర మీకు చోటు లేదు. అక్కడ మేముంటాం. పీట మీద మీరు కూర్చోవాలి. చేతులకు నొప్పి లేకుండా, నాలుకకు ఉప్పు తెలుస్తూ, మీ వాళ్ల మధ్య నిండు నూరేళ్లు ఉండండి.

— ఓ చన్మి, శస్త్రచికిత్స విభాగం